ఎల్లమ్మ ఎవరి వాటా?

ఐర్లాండ్‌లో నాకు నర్సు ఉద్యోగం ఖాయమైందన్న కబురు మా గల్లీ అంతా పాకడానికి ఒక పూట కూడా పట్టలేదు. మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తుంటే ఎదురింటావిడ వచ్చి నిలబడింది.

“మస్తు సంతోషమైంది. పర్మనెంటేనా?” అంది.

“పర్మనెంటే. ముగ్గురం పోతున్నం. ఇల్లు గూడ అమ్మేస్తున్నం.”

“మంచిగైంది. మరి ఫ్రిజ్ ఏం జేస్తరు?”

మెదక్‌లో ఒక సంసారం ఊరు విడిచి పోతోందంటే ఏడ్చేవాళ్ళు ఉండరని అనను. ఉంటారు. కాకపోతే ముందు సామాన్లు చూసుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఏడుస్తారు. వారం తిరిగేసరికి మా ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక యజమాని తయారయ్యాడు. ఫ్రిజ్ ఎదురింటివాళ్ళది. కూలర్ పక్కింటి టీచరమ్మది. టేకు మంచం చేగుంటలో ఎరువుల దుకాణం నడిపే మా బావది. ఇన్వర్టర్ కుల్చారంలో వ్యవసాయం చేసే మా మరిదిది. మేం పోయేదాకా వాడుకోమని అందరూ పెద్దమనసుతో ఒప్పుకున్నారు. అట్లాగని ఎట్లా పడితే అట్లా వాడతామంటే కుదరదు. ఒకరోజు ఎదురింటావిడ చక్కెర కోసం వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి చూసి, “గింత ఐసు పేరుకునేదాంక ఉంచుతరా? ఖరాబైతది గద!” అని నన్ను కోప్పడింది. నా ఇంట్లో నా ఫ్రిజ్ గురించి నన్ను తిడుతుందేమిటని నోటిదాకా వచ్చింది. నాది కాదు కదా అని గుర్తొచ్చి, చక్కెర పోసి పంపించాను.

అన్నీ ఎవరో ఒకరు అడిగారు. చీపురుకట్టను కూడా అడిగారు. అడగనిది మా ఎల్లమ్మను ఒక్కదాన్నే.

లోపలి అర్రలో గోడకు ఒక గూడు ఉంది. అందులో పసుపు పూసిన పిడికిలంత రాయి, దానికి అతికించిన రెండు వెండి కళ్ళు, పక్కన ఒక చిన్న గవ్వల బుట్ట. మా ఆయన వాళ్ళ ఇంటి దేవత ఈమే. తాతల కాలం నుంచి ఆ గూట్లోనే ఉంది. అన్నదమ్ములు ముగ్గురూ పంచుకున్నప్పుడు పొలం పెద్దాయనకూ చిన్నాయనకూ పోయింది. కోట కింది ఈ పెంకుటిల్లు నడిపివాడైన మా ఆయనకు వచ్చింది. ఆ రోజు పెద్దమనుషులు పార, గడ్డపార కూడా వదలకుండా పంచారు గానీ ఎల్లమ్మను మాత్రం ఎవరి వాటాలోనూ వేయలేదు. ఇంటిని అంటిపెట్టుకుని ఉండేదాన్ని వేరే చెప్పడం ఎందుకనుకున్నారు. కోడల్ని గురించి కూడా అట్లాగే అనుకున్నారు కాబట్టి ఆమె సేవ నాకు పడింది.

నాకు భక్తి ఎక్కువని ఎవరూ పొరపాటు పడొద్దు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త ఆ గూడు చూపించి, “నేనొక అత్తను. గామె ఇంకో అత్త. నన్నన్న ఎదిరించు గని గామెను ఎదిరించకు” అంది. ఒక్క అత్తతోనే దినం గడవడం కష్టంగా ఉన్న రోజులవి. తర్వాత మొదటి అత్త కాలం చేసింది, రెండో అత్త మిగిలింది. దాదాపు ఇరవై ఏళ్ళ నుంచి మంగళవారం మంగళవారం ఆమెకు స్నానం చేయించి, పసుపు పూసి, బొట్టు పెట్టి, దీపం ముట్టిస్తున్నాను. దవాఖానలో రోగులకు చేసి వచ్చి ఇంట్లో ఈమెకు చేసేదాన్ని. రోగులైతే ఎప్పుడో ఒకప్పుడు డిశ్చార్జి అయి ఇంటికి పోతారు.

ఇల్లు కొన్నాయన దాన్ని పడగొట్టి షటర్లు వేస్తాడట. అంతా మాట్లాడుకున్నాక, “దేవుని సామాను మాత్రం మీరే తీస్కపోండ్రి. నాకెందుకు పాపం” అన్నాడు. అప్పుడు మాకు ఎల్లమ్మ గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయన మనసులో ఆ విషయం మొదటి నుంచీ ఉంది.

మా ఆయన ట్రాక్టర్ మెకానిక్. మాటలు తక్కువ. ఏదన్నా చెప్పాలంటే స్పానర్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, మళ్ళీ స్పానర్ తీసుకుంటాడు. వీసాలు వచ్చిన రోజు మా ఇద్దరివీ, మా అమ్మాయిదీ మూడు పాస్‌పోర్టులకు బొట్టు పెట్టి ఎల్లమ్మ ముందు గూట్లో పెట్టాడు. మంచిదేలే అనుకున్నాను. వారం తర్వాత, టికెట్లు చూడాలి, అవి ఇటివ్వమన్నాను.

“తల్లికి జాగ దొరికినంక తీస్త” అన్నాడు.

“దొరకకపోతె?”

“దొరకాలె.”

“నాకు జాయినింగ్ డేట్ ఉన్నది. వాళ్ళు ఆగరు.”

“పోతె నువ్వు పో. నేను మాత్రం దిక్కులేకుంట తల్లిని రోడ్డు మీద ఇడిసిపెట్టి రాను.”

ఆ గూడు నాకు అందనంత ఎత్తులో ఏం లేదు. చెయ్యి చాపితే పాస్‌పోర్టు వస్తుంది, మనిషి రాడు. కొత్త దేశంలో, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, పిల్లను పెట్టుకుని ఒక్కదాన్ని నేనేం చేయను? ఇంగ్లీషు పరీక్ష రెండోసారికి పాసయ్యాను. ఇంటర్వ్యూలో కంప్యూటర్ తెరలో ఉన్న నలుగురికీ నవ్వుతూ సమాధానాలు చెప్పాను. అన్ని గండాలూ దాటి, చివరికి నా ప్రయాణం వచ్చి పిడికిలంత రాయి దగ్గర ఆగిపోయింది. ఏం మాట్లాడినా ఆయనకు దేవతతో తగువు పెట్టుకున్నట్టే ఉండేది. ఎవరో ఒకరు ఆమెను తీసుకుపోవాలి, లేకపోతే మేం కదలం.

ముందు చేగుంట పోయాం. ఇంటి దేవతను మగవాళ్ళ వంశంలోనే ఉంచాలి కాబట్టి పెద్దవాడైన బావకే మొదటి హక్కు. ఆ హక్కు మాట ఎత్తగానే బావ దుకాణంలో ఎవరో గిరాకీ వచ్చారని లేచిపోయారు. మా తోటికోడలు అక్క మాత్రం కూర్చుని మాట్లాడింది.

“తల్లి వస్తనంటే అంతకంటె అదృష్టమున్నదా చెల్లె? గని మా ఇంట్ల ఈశాన్యంల బాత్రూం పడ్డది. తల్లిని ఏడ పెడ్తం చెప్పు? దోషం తాకుతది.”

ఆ బాత్రూం కట్టేటప్పుడు మా ఆయన, అక్కడ వద్దు వదినె అని మొత్తుకున్నాడు. వాస్తు గీస్తు ఉత్తదేనని ఈ అక్కే కొట్టిపారేసింది. బాత్రూంకి ఇన్నేళ్ళకు మహత్తు వచ్చింది. మేం లేచి వస్తుంటే బావ గుమ్మం దాకా వచ్చి, “మంచానికి చెదలు పట్టకుంట చూడమ్మా” అని నాకు గుర్తుచేశారు.

కుల్చారంలో మా మరిది ఇంకా వినయంగా కాదన్నాడు. భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్‌లో ఎవరో గురువు దగ్గర ఉపదేశం తీసుకుని మాంసం మానేశారట. “మేము నీసు బంద్ జేసినం వదినె. తల్లికి యాట గావాలె, కల్లు శాక వెట్టాలె. మేము గవ్వి ముట్టుకోం. తల్లిని ఉపాసముంచిన పాపం మాకెందుకు?” అన్నాడు. ఆయన ఆ మాటలంటుంటే పెరట్లో నాటుకోళ్ళు మందగా తిరుగుతున్నాయి. ఇవెవరికి అని అడిగాను. అమ్మడానికట.

గుడిలో పెడదామంటే పూజారి, ఇంటి దేవతల్ని గుడిలో పెట్టే ఆచారం లేదన్నాడు. మంజీరలో నిమజ్జనం చేయమని దవాఖానలో మా సిస్టర్ ఒకామె సలహా ఇచ్చింది. ఎండాకాలంలో మంజీరలో ఉన్న నీళ్ళకు ఎల్లమ్మ మునగదు, కూర్చుంటుంది. చివరికి బావే ఫోన్ చేసి, అన్నదమ్ముల ఇళ్ళలో వంతులు పెట్టుకుందామా, కొన్ని నెలలు ఇక్కడ, కొన్ని నెలలు అక్కడ అన్నారు. ఆ మాట వినగానే మా ఆయన మొహం మాడిపోయింది.

“అమ్మను తిప్పినం. సాలదా అన్నా?” అన్నాడు. బావ వంతుల మాట మళ్ళీ ఎత్తలేదు. మా అత్త ఆఖరి రోజుల్లో బట్టల మూట పట్టుకుని ఒక కొడుకు ఇంటి నుంచి ఇంకో కొడుకు ఇంటికి తిరిగింది. మూట విప్పడం ఎందుకులే అని విప్పకుండానే తలకింద పెట్టుకునేది. అది నాకూ గుర్తొచ్చింది. మొదటిసారి ఆ రాయి మీద కోపం తగ్గింది.

ఇక మిగిలింది ఎల్లమ్మనే అడగడం. మా వైపు ఇళ్ళలో తెగని పంచాయితీ అయితే ఎల్లమ్మ పండుగ చేసి, పూనకంలో తల్లి ఏం చెబితే అది చేస్తారు. అప్పీలు లేదు. పోయేముందు ఈ ఇంట్లో ఆఖరి పండుగ చేద్దాం, తల్లి నోటితోనే వినేద్దాం అన్నాడు మా ఆయన. తమ్ముడు కూడా సరే అన్నాడు, అన్న కూడా సరే అన్నాడు. తల్లి అవతలివాడి పేరే చెబుతుందని ఎవరి ధైర్యం వారిది.

పూనకం వచ్చేది మా వదినకు. మా ఆయనకు అక్క, ముగ్గురు అన్నదమ్ములకూ పెద్దది. పాపన్నపేట దగ్గర పల్లెలో ఉంటుంది. నాట్లు వేసే ఆడవాళ్ళను కూడగట్టి పొలాలకు తీసుకెళ్తుంది. మడమల పగుళ్ళలో ఎప్పుడూ బురద ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఆమె మీదికే ఎల్లమ్మ వస్తుంది. దేవతను ఎవరింట్లో ఉంచాలన్న మాట నడిచిన రోజులన్నీ ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆడపిల్ల ఇంకో ఇంటిది, ఇంటి దేవత ఆమె ఎంబడి పోదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. నాకు కూడా రాలేదు.

పండుగ రోజు బావ ట్రాలీ ఆటోలో మేకపోతును తెచ్చారు. దిగీ దిగకముందే “యాట నాది” అని గల్లీకంతా వినబడేటట్టు చెప్పారు. తల్లి తన పేరు ఎత్తకుండా ముందే కట్టిన జరిమానా అనుకోవాలి. మరిది కొబ్బరికాయల బస్తా దింపాడు. ఇద్దరూ నేరుగా లోపలి అర్రలోకి పోయి, పక్కపక్కన నిలబడి, కళ్ళు మూసుకుని చాలాసేపు మొక్కుకున్నారు. ఏం మొక్కుకున్నారో నన్ను అడిగితే చెబుతాను. ‘తల్లీ, అన్న ఇల్లు పెద్దది’ అని తమ్ముడు, ‘తల్లీ, తమ్ముని ఇల్లు చల్లగుంటది’ అని అన్న.

మధ్యాహ్నానికి ఎల్లమ్మ పండుగలు చేయించే బైండ్లాయన వచ్చి రంగులతో పట్నం ముగ్గు వేశాడు. జమిడిక వాయిద్యం అందుకుని ఎల్లమ్మ కథ పాడడం మొదలుపెట్టాడు. ధూపం వేశారు. వదిన ముగ్గు ముందు కూర్చుంది. కాసేపటికి ఆమె భుజాలు అదిరాయి, కొప్పు ఊడింది, గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. బావ పసుపు బండారి చల్లి చేతులు కట్టుకున్నారు.

“తల్లీ, ఇల్లు అమ్మిండ్రు. నువ్వు ఏడ ఉంటవు? నా ఇంటికి వస్తవా, లేకుంటె మంచిగ మా చిన్నోని ఇంటికి పోతవా?”

ఆ ‘మంచిగ’ ఒక్కటి ఎక్కువ పడింది. వదిన తల తిప్పి బావను చూసింది. ఆయన వెనక ఉన్న చేగుంట అక్క ఇంకా వెనక్కి జరిగింది. మరిదిని చూసింది. ఆయనకు సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చినట్టుంది, జేబులోకి చూసుకుంటున్నాడు. వదిన పెద్దగా నవ్వింది.

“పొమ్మన్లేక పొగవెడ్తున్నర్రా నాకు?”

ధూపం నిజంగానే ఎక్కువైంది. బైండ్లాయన కంగారుగా దాన్ని పక్కకు జరిపాడు.

నేను హారతి పళ్ళెం పట్టుకుని ద్వారం దగ్గర ఉన్నాను. నా మనసులో భక్తి లేదు. ఎవరి పేరైనా సరే, ఒక్క పేరు చెప్పు తల్లీ, ఆ పాస్‌పోర్టులు నాకు కావాలి అనుకుంటున్నాను. తల ఎత్తేసరికి వదిన లేచి నా ఎదురుగా ఉంది. నా మణికట్టు పట్టుకుంది. నాట్లు వేసే చెయ్యి, పట్టు వదిలించుకోలేం.

“గిన్నేండ్లు తానం పోసినవు. నువ్వు చెప్పు. నేను నీకు బరువా?”

“కాదు తల్లీ” అన్నాను. అబద్ధమే.

“దూరం పోతున్నవు.”

“అవు తల్లీ.”

“భయమైతుందా?”

ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. జీతం ఎంత అని అడిగారు. చలి ఎంత అని అడిగారు. బియ్యం దొరుకుతాయా, పౌరసత్వం ఇస్తారా, ఫ్రిజ్ ఏం చేస్తారు అని అడిగారు. మా ఆయన తన దిగులులో తానున్నాడు, అమ్మాయి తన సంబరంలో తానుంది. ఇద్దరూ నా ఉద్యోగాన్ని నమ్ముకుని ఉన్న ఊరు విడుస్తుంటే, నాకు భయమని నేనెట్లా అంటాను? నలభై దాటినదాన్ని. సూది చూసి వణికే పేషెంట్లకు, ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది అని ధైర్యం చెప్పేదాన్ని. అందరి ముందూ, నా ఇంటి ద్వారంలో, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. పళ్ళెం ఎవరో అందుకున్నారు.

“మస్తు భయమైతుంది తల్లీ.”

“అయితె నేను గూడ నీ ఎంబడి వస్త.”

జమిడిక ఆగిపోయింది. ముందుగా తేరుకున్నది బైండ్లాయనే. “సముద్రం దాటి ఎట్ల పోతవు తల్లీ?” అన్నాడు.

“గీ పిల్ల ఎట్ల పోతె గట్లనే.”

“గక్కడ యాట గొయ్యనియ్యరు. కల్లుండదు” అన్నాడు మా ఆయన.

“నేనడిగిన్నా? పసుపు దొరుకుతదా?”

“దొరుకుతది తల్లీ” అన్నాను ముక్కు తుడుచుకుంటూ. ముందు వెళ్ళిన మా నర్సులు అక్కడ ఇండియన్ షాపు ఉందని చెప్పారు.

“సాలు” అంది. ఒరిగిపోయి గోడకు ఆనుకుంది.

అందరికంటే ముందు బావ సాష్టాంగపడ్డారు. అంత భక్తి ఆయనలో నేను ఎన్నడూ చూడలేదు. “తల్లి మాట! మనం కాదంటమా?” అన్నారు లేస్తూనే. మరిది కళ్ళు తుడుచుకున్నాడు. అక్క నన్ను కావలించుకుని, “నీ అంత అదృష్టం ఎవరికున్నది చెల్లె” అంది. తర్వాత అందరూ కడుపునిండా తిన్నారు. నీసు బంద్ చేసిన మా మరిది బగారన్నంలో షోర్వ మాత్రమే పోసుకున్నాడు. ముక్క లేని షోర్వ నీసు కిందికి రాదట.

మా ఆయన తినకముందే చేతులు కడుక్కుని లోపలి అర్రలోకి పోయాడు. పాస్‌పోర్టులు తీసి తువ్వాలుతో తుడిచాడు. పసుపు పూర్తిగా పోలేదు. నా చేతిలో పెట్టి, “టికెట్లు చూడు” అన్నాడు. సాయంత్రానికి అటక మీది సూట్‌కేసు కింద ఉంది.

మర్నాడు పొద్దునకు అందరూ వెళ్ళిపోయారు. వదిన ఒక్కతే ఆగింది. నేను ఎల్లమ్మను గూట్లోంచి తీసి స్నానం చేయించబోతుంటే, “ఇయ్యాల నేను పోస్త. ఇటియ్యి” అంది. ఒడిలో పాత గుడ్డ పరుచుకుని ఆ రాయిని పెట్టుకుంది. చిటికెన వేలితో వెండి కళ్ళ అంచుల వెంట పాత పసుపు మెల్లగా తీసింది. నేను ఏనాడూ అట్లా చేయలేదు. పై నుంచి నీళ్ళు పోసి తుడిచేసేదాన్ని.

“నాకు పెండ్లయ్యేదాంక గిదంత నేనే జేస్తుంటి” అంది. “గీ కండ్లు జేపిచ్చేటప్పుడు మా నాయిన ఎంబడి నేనే పోయిన. అప్పగింతలప్పుడు మా అమ్మ నన్ను పట్టుకొని ఏడ్సింది. నేను గీమెను ఇడిసిపెట్టి పోతున్న గద అని ఏడ్సిన.”

“నువ్వే తీస్కపో వదినె. ఆయనకు నేను చెప్త. నీ దగ్గర్నే ఉండని” అన్నాను.

“ఒద్దు పిల్లా. తల్లి చెప్పినంక మల్ల మాట ఉండదు.”

“నిన్న చెప్పింది తల్లేనా?”

“నాకేం యాదికుంటది?” అంది వదిన. తల ఎత్తలేదు.

నిన్న ఆ నోటి నుంచి ‘పాపన్నపేటకు పోత’ అని ఒక్క మాట వచ్చి ఉంటే చాలు, కాదనే మగవాడు ఆ ఇంట్లో లేడు. ఆడపిల్ల నియమాన్ని అవతలికి నెట్టి, ఆటో కూడా వాళ్ళే మాట్లాడి ఎక్కించేవాళ్ళు. మాట్లాడింది ఎల్లమ్మో వదినో నేను తేల్చలేను, తేల్చాలని కూడా లేదు. ఎల్లమ్మే అయితే, నేను విసుక్కుంటూ చేసిన సేవను సేవ కిందే లెక్కేసుకుంది. వదినే అయితే, పుట్టింట్లో తాను కోరుకున్నది ఒకే ఒక్కటి, దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

రాయిని మెత్తటి గుడ్డలో చుట్టి, గవ్వల బుట్టతో పాటు నా చేతి సంచిలో తనే సర్దింది. పెద్ద పెట్టెలో వేయొద్దంది, విసిరేస్తారట. వీధి మలుపు దాకా నేను కూడా నడిచాను. పాపన్నపేట షేర్ ఆటోలో అప్పటికే జనం నిండి ఉన్నారు. వదిన నా చెయ్యి పట్టుకుంది.

“ఐతారం ఐతారం వీడియో కాల్ చెయ్యి పిల్లా. మర్సిపోకు.”

“మర్సిపోను వదినె. మా మొకాలు చూడకపోతె నీకు మనసున పట్టదు, నాకెరుకనే” అన్నాను.

“మీయి గూడ సూస్త” అంది వదిన, ఆటో ఎక్కుతూ.